శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దుబాయ్ మీదుగానా, హాంకాంగ్ మీదుగానా?

నిజాంపేట్_నాని:
అమ్మానాన్న డిసెంబర్‌లో అన్నయ్య దగ్గరికి వెళ్తున్నారు. ఎక్కడో ఒకచోట ఫ్లైట్ మారాలి. అమెరికా పడమర దిక్కున ఉంది, దుబాయ్ దారిలోనే తగులుతుంది, హాంకాంగ్ అంటే వెనక్కి పోయినట్టే అని నాన్న పట్టు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గాల్లో ఉండే టైమ్ ఎంత తగ్గితే అంత మంచిది. ఏది నయం?

మెహదీపట్నం_భాయ్:
అంకుల్ చెప్పిందే కరెక్ట్. పైగా భూమి తూర్పుకి తిరుగుతుంది కదా, పడమరకి పోతే ఊరే మనకి ఎదురొస్తుంది.

తార్నాక_మాస్టారు:
భాయ్, భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. శంషాబాద్ రన్‌వే మీద ఆగి ఉన్న విమానం కూడా భూమితో కలిసి గంటకి దాదాపు 1,600 కి.మీ. వేగంతో తూర్పుకి పోతూనే ఉంది. మీ లెక్కే నిజమైతే ట్యాంక్‌బండ్ పైన హెలికాప్టర్ గంటసేపు కదలకుండా నిలబడితే కింద అరేబియా సముద్రం కనపడాలి.

నానీ, గోడ మీద మ్యాప్‌ని నమ్మకు, గ్లోబు మీద దారం లాగి చూడు. నేరుగా అయితే సుమారు 13,500 కి.మీ. దుబాయ్ మీదుగా 2,550, ఆ తర్వాత 13,040, కలిపి 15,600 దగ్గర. హాంకాంగ్ మీదుగా 3,750, ఆపైన 11,100, అంటే 15,000 కూడా లేదు. మీ నాన్నగారు వెనక్కి అంటున్న దారే దగ్గర.

కొండాపూర్_కిరణ్:
దూరం కంటే గాలి ముఖ్యం. పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది, చలికాలంలో జపాన్ పైన గంటకి 200 కి.మీ. దాటడం మామూలే. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వదిలేసి పసిఫిక్ మీదుగా తిప్పితే దూరం దాదాపు 1,400 కి.మీ. పెరిగింది, టైమ్ మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటల్లో దిగారు. నానీ వాళ్లకి హాంకాంగ్ అయితే అయిదున్నర, పన్నెండు, అంతే. దుబాయ్ అయితే నాలుగు, ఆపైన పదహారు.

మెహదీపట్నం_భాయ్:
మరి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు కొడుతుంది కదా?

కొండాపూర్_కిరణ్:
కొడుతుంది. అక్కడి నుంచి హాంకాంగ్‌కే పదిహేను గంటలు పట్టొచ్చు, అందుకే తిరుగు ప్రయాణానికి దుబాయ్ మేలు. కాకపోతే వెళ్లేది ఒక ఎయిర్‌లైన్, వచ్చేది ఇంకోటి అంటే టికెట్ వాచిపోతుంది.

మల్కాజిగిరి_పద్మ:
గాలి లెక్కలు సరే, పెద్దవాళ్ల సంగతి ఎవరూ అడగరేంటండీ? దుబాయ్‌లో ఏ మూల నిలబడినా హిందీ వచ్చినవాళ్లు దొరుకుతారు, తెలుగువాళ్లు కూడా. మా అత్తగారు ఒక్కరే వెళ్లొచ్చారు, ఏ టెన్షనూ లేదు. రెండు గంటలు మిగుల్తాయని భాష రాని చోట దింపుతారా?

తార్నాక_మాస్టారు:
పద్మగారూ, వీల్‌చెయిర్ బుక్ చేస్తే గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఏకబిగిన పదహారు గంటలు కూర్చోబెట్టడమే నాకు పెద్ద సమస్యగా కనిపిస్తోంది.

మల్కాజిగిరి_పద్మ:
పన్నెండు గంటలు కూర్చుంటే నొప్పి రాదాండీ?

కొండాపూర్_కిరణ్:
నానీ, ఏది తీసుకున్నా మధ్యలో ఎంతసేపు ఆగాలో చూసుకో, అక్కడ తొమ్మిది గంటల గ్యాప్ ఉంటే మేం మిగిల్చిందంతా అందులోనే పోతుంది. టికెట్ మీద టైములు ఉన్నవి ఉన్నట్టు ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి లెక్కేయకు, డిసెంబర్‌లో వాళ్లు మనకంటే పదమూడున్నర గంటలు వెనక.