సైకిల్‌కీ హెల్మెట్ తప్పనిసరి: ఈ చట్టం వల్ల నిజంగా మేలు జరుగుతోందా?

గోదారి_గట్టు (మెల్‌బోర్న్):
ఈమధ్యే వచ్చాం. మావారు స్టేషన్ దాకా సైకిల్ మీద వెళ్తారు. హెల్మెట్ లేకపోతే ఫైన్ పడుతుందని పక్కింటాయన చెప్పారు. బండికంటే సరే, సైకిల్‌కి కూడానా? నెదర్లాండ్స్‌లో అంతమంది తొక్కుతారు, అక్కడ ఈ రూల్ లేదు కదా. దీనివల్ల ఉపయోగం ఉందా? తొక్కేవాళ్ళు చెప్పండి.

ట్రామ్_దారి (మెల్‌బోర్న్):
అక్కా, ముందు మీవారికి ఒకటి కొనండి, చర్చ తర్వాత చేద్దాం. నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. ఒక రాత్రి వాన వెలిశాక ట్రామ్ పట్టా సందులో ముందు చక్రం ఇరుక్కుంది. బ్రేక్ వేసే టైం కూడా లేదు. పక్కకి పడ్డాను, తల నేరుగా రోడ్డుకి కొట్టుకుంది. ఇంటికొచ్చి హెల్మెట్ చూస్తే పైన రెండు గీతలే. తిరగేస్తే లోపలి థర్మాకోల్ చెవి పైభాగంలో నిలువునా చీలిపోయి ఉంది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఆ దెబ్బ నా పుర్రెకి తగలాల్సింది. పట్టాలు దాటేటప్పుడు సైకిల్‌ని అడ్డంగా తిప్పి దాటమనండి, వాలుగా పోవద్దు.

గుంటూరు_గణితం (సిడ్నీ):
హెల్మెట్ పనిచేస్తుందా, హెల్మెట్ చట్టం పనిచేస్తుందా అన్నవి వేరువేరు ప్రశ్నలండీ. మొదటిదానికి జవాబు గట్టిగానే ఉంది. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీకి చెందిన ఒలివియర్, క్రైటన్ అనే పరిశోధకులు 40 అధ్యయనాల్లోని 64 వేలమందికి పైగా గాయపడ్డ సైక్లిస్టుల వివరాలు కలిపి చూశారు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళకి తల మీద తీవ్ర గాయమయ్యే అవకాశం దాదాపు 70 శాతం తక్కువ. మెడకి ప్రమాదమన్న భయానికి ఆధారం దొరకలేదు.

చట్టం సంగతే చిక్కు. మీ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం 1990 జులై 1న ప్రపంచంలోనే మొదటగా తెచ్చింది. తల గాయాలు తగ్గాయి, నిజమే. కానీ అదే రోజుల్లో తాగి నడిపేవాళ్ళ మీద, స్పీడ్ మీద కూడా నిఘా బిగించారు. పైగా టీనేజీ పిల్లలు సైకిల్ తొక్కడం బాగా తగ్గింది. రోడ్డు మీద సైకిళ్ళే తగ్గితే గాయాలూ తగ్గుతాయిగా! ఇందులో హెల్మెట్ వాటా ఎంత అన్నదాని మీదే పరిశోధకులు ఇన్నేళ్ళుగా వాదించుకుంటున్నారు.

కృష్ణా_తీరం (సిడ్నీ):
నాకు కోపమంతా ఫైన్ మీదే. 2016లో మా సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో 71 డాలర్లున్న జరిమానాని ఒక్కసారిగా 319 చేశారు. పార్ట్‌టైమ్ జీతంతో బతికే స్టూడెంట్ ఎక్కడి నుంచి తెస్తాడు? నెదర్లాండ్స్‌లో పిల్లలు ఒట్టి తలతో తొక్కగలుగుతున్నారంటే, పెద్ద రోడ్ల మీద సైకిళ్ళకి విడిగా దారి వేశారు కాబట్టి. మా వీధిలో ఒక తెల్ల గీత గీసి సైకిల్ లేన్ అన్నారు, దాని మీదే కార్లు ఆపుతారు. కారు వచ్చి గుద్దకుండా హెల్మెట్ ఆపలేదు. ముందు దారి వేయమనండి.

కాజీపేట_జంక్షన్ (సియాటిల్):
అమెరికాలో మా సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో (జిల్లా లాంటిది) 1993 నుంచి ఉన్న చట్టాన్ని 2022లో తీసేశారు. హెల్మెట్ అక్కర్లేదని కాదు. సియాటిల్‌లో పోలీసులు రాసిన ఫైన్ టికెట్లు ఇల్లు లేనివాళ్ళకి, నల్లజాతివాళ్ళకే ఎక్కువగా పడుతున్నాయని బయటపడింది. చట్టం పోయినా మా పిల్లలు హెల్మెట్ లేకుండా గేటు దాటరు. నా మటుకు నాకు హెల్మెట్ ఉండాల్సిందే, ఫైనే వద్దు.

గోదారి_గట్టు:
అందరికీ థాంక్స్. రేపే కొంటాం. సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చా?

ట్రామ్_దారి:
వద్దక్కా. అది ముందు దెబ్బ తిన్నదో లేదో పైకి తెలీదు. కొత్తది, ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 2063 (ఇక్కడి హెల్మెట్ భద్రతా ప్రమాణం) స్టిక్కర్ ఉన్నది తీసుకోండి. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. చాలామంది వెనక్కి తోసేసుకుంటారు, అప్పుడు నుదురు ఖాళీగా మిగిలిపోతుంది. గడ్డం కింద పట్టీ మరీ వదులుగా ఉంటే పడ్డప్పుడు హెల్మెట్ జారిపోతుంది, షాపులోనే పెట్టించి చూడండి.