7 లక్షల లోపు పాత క్యాంపర్ వ్యాన్: ఆర్‌.సి.లో బస్సు, లోపల ఇల్లు

హొరమావు వాసి (బెంగళూరు నుంచి ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను ఉద్యోగ విరమణ చేసి రెండేళ్లయింది. లాడ్జీల చుట్టూ తిరిగే పని లేకుండా లేపాక్షి, గండికోట, హార్స్‌లీ హిల్స్ చూసి రావాలనీ, 2027లో గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు బస కోసం బంధువులను ఇబ్బంది పెట్టకూడదనీ అనుకొని, పాత క్యాంపర్ వ్యాన్ (లోపలే పడక, వంట సదుపాయం ఉన్న బండి) ఒకటి కొనే ఆలోచనలో నేనూ నా శ్రీమతీ ఉన్నాము. బదిలీ, బీమా, మరమ్మతులతో కలిపి 7 లక్షలు దాటకూడదు. ఆన్‌లైన్‌లో ‘క్యాంపర్’ అని వెతికితే బొలెరో క్యాంపర్ పికప్ బండ్లు వస్తున్నాయి. మొదటి రెండు రోజులు వాటి ఫోటోల్లో మంచం ఎక్కడుందా అని చూశానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. చివరికి 2014 నాటి టెంపో ట్రావెలర్ ఒకటి 5,80,000 రూపాయలకు అమ్మకానికి కనిపించింది. లోపల రెండు పడకలు, స్టవ్, సింకు, పైన ఏసీ ఉన్నాయి. బండి తెలంగాణ రిజిస్ట్రేషన్, పసుపు ప్లేటు, ఆర్‌.సి.లో మాత్రం 13 సీట్ల బస్సు అనే ఉంది. అది చిన్న విషయమని అమ్మే ఆయన అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

దారిబత్తెం:
అది చిన్న విషయం కాదండి, అసలు విషయమే అది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్‌.సి.లోకి ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. సీట్లు పీకి పడకలు బిగించిన బండి ఆర్‌.సి.లో ఇంకా బస్సుగానే ఉందంటే, రవాణా శాఖ ఆమోదం లేకుండానే ఆ పని జరిగిందని అర్థం. దారిలో తనిఖీకి ఆపితే జరిమానాతో బయటపడవచ్చునేమో గాని, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ ముందుగా వేలు పెట్టి చూపేది ఈ తేడానే.

సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాన్‌ను రవాణేతర వాహనంగా, అంటే తెల్ల ప్లేటు బండిగా, నమోదు చేయించుకోవడానికి కేంద్ర ప్రభుత్వ జాబితాలో చోటుంది. అందువల్ల ఆర్‌.సి.లో బాడీ రకం క్యాంపర్ వ్యాన్ అనో మోటార్ క్యారవాన్ అనో ఉన్న బండినే వెతకండి. ధర కొంత ఎక్కువైనా, పసుపు ప్లేటు బండికి పర్మిట్, ఫిట్‌నెస్ పరీక్ష, వాణిజ్య బీమా అంటూ ఏటా పెట్టే ఖర్చు తప్పుతుంది.

పొరుగు రాష్ట్రపు బండి అయితే ఫారం 28 కింద ఎన్.ఓ.సి. (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి, 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే కర్ణాటక నంబరు తీసుకోక తప్పదు, దానికి ఇక్కడి పన్నూ కట్టాలి. ఆ పన్ను ఎంతవుతుందో బయానా ఇవ్వకముందే ఆర్‌.టి.ఓ. కార్యాలయంలో కనుక్కోండి, చాలామంది బడ్జెట్ తలకిందులయ్యేది అక్కడే. పాత చలాన్లు, బ్యాంకు అప్పు ఉన్నాయో లేదో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. లైసెన్సు గురించి మాత్రం దిగులు అక్కర్లేదు: 7,500 కిలోల లోపు బండ్లకు మీ కారు లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

స్పానర్ 14:
కాగితాల సంగతి పెద్దలు చెప్పారు గనుక నేను బండి సంగతికే పరిమితమవుతాను. ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్లి మీరే స్టార్ట్ చేయండి. మీరు వెళ్లేసరికే బండి వేడెక్కి ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే రింగులు అరిగాయని అనుమానించాలి.

అంతకంటే ముఖ్యం పైకప్పు. ఏసీ కోసం, గాలి కోసం రేకు కోసిన చోటల్లా నీరు దిగుతుంది. నేను మొదట కొన్న బండిలో గోడ ప్లైవుడ్ తొలి వానకే ఉబ్బిపోయింది. అది విప్పి చూస్తే లోపల రేకు అప్పటికే తుప్పు పట్టి ఉంది. కాబట్టి దగ్గరలోని వాటర్ వాష్‌కు తీసుకెళ్లి పైకప్పు మీద పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపల పరుపుల కింద చేయి పెట్టి చూడండి.

ఏసీ ఉందని మురిసిపోకండి. 12 వోల్టుల, 150 ఏ.హెచ్. ట్యూబులర్ బ్యాటరీలు రెండు ఉన్నా నిల్వ కాగితం మీద 3.6 యూనిట్లు, బ్యాటరీ మన్నాలంటే అందులో సగమే వాడాలి. గంటకు ఒక యూనిట్ తాగే ఏసీ రెండు గంటలు కూడా నడవదు. పైగా ఆ బ్యాటరీలు ఒక్కొక్కటి 50 కిలోలకు పైనే తూగుతాయి, 150 లీటర్ల నీటి ట్యాంకు అంటే మరో 150 కిలోలు. ట్యాంకు నింపి వే బ్రిడ్జి మీద తూకం వేయించి, ఆర్‌.సి.లోని స్థూల బరువుతో (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) పోల్చండి.

మడత మంచం:
హొరమావు వాసి గారూ, ఇద్దరికే అయితే అంత పెద్ద బండి అవసరమా అన్నది నా సందేహం. మేము 3,40,000కు కొన్న పాత ఐదు సీట్ల మారుతి ఈకో వ్యాన్‌లో, సీట్లు కదపకుండా, వెనుక పరిచి తీసే మడత పలకతో నాలుగేళ్లుగా తిరుగుతున్నాము. ఏదీ బిగించలేదు గనుక ఆర్‌.సి.తో పేచీ లేదు. స్నానానికి, బాత్రూమ్‌కు పెట్రోలు బంకుల మీదా హోటళ్ల మీదా ఆధారపడవలసి వస్తుంది, అది కష్టమే; ఒప్పుకుంటాను.

హొరమావు వాసి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న బండి చూడటానికి వెళ్లాము. వాటర్ వాష్ అనగానే ఆయన ముఖం మారింది. తూకం అనగానే మరొకరు ఎక్కువ ఇస్తున్నారన్నారు. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే మా సెల్లారు దూలం ఎత్తు 2.1 మీటర్లు, ఏసీతో కలిపి ఆ బండి అందులోకి దూరే ప్రశ్నే లేదు. ఆదివారం ఒక ఈకో చూడబోతున్నాము. మడత మంచం గారూ, ఆ పలక మందం ఎంత, ఏ చెక్కతో చేయించారో దయచేసి చెప్పండి. నా శ్రీమతికి నడుము నొప్పి ఉంది.