మిర్రర్ యాక్రిలిక్ మీద అక్షరాలు మసకగా వస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న: 3 మి.మీ. వెండి రంగు మిర్రర్ యాక్రిలిక్ (అద్దంలా మెరిసే ప్లాస్టిక్ షీటు), 60 వాట్ల సీఓటూ లేజర్ మిషను, 2 అంగుళాల లెన్సు. నేమ్‌ప్లేట్లకు వెనకవైపు నుంచి ఎన్‌గ్రేవింగ్ (లేజర్‌తో చెక్కడం) చేస్తున్నాను. స్పీడు 300 మి.మీ./సె., పవర్ 30 శాతం. ముందు నుంచి చూస్తే అక్షరాలు మంచు పట్టినట్టున్నాయి, అంచుల్లో గోధుమరంగు మరక. పవర్ పెంచితే ఇంకా పాడవుతోంది. ఏం చేయాలి?

జవాబు: పవర్ పెంచడమే తప్పు అన్నా. షీటు వెనకాల పైన పెయింటు, దాని కింద చాలా పల్చని అల్యూమినియం పూత, ఆ తర్వాతే యాక్రిలిక్. మనం తీయాల్సింది పైరెండే. సీఓటూ కిరణాన్ని యాక్రిలిక్ బాగా పీల్చుకుంటుంది కాబట్టి, పూత పోయాక మిగిలిన వేడంతా దాన్ని కరిగించి గరుకు చేస్తుంది.

మసక రెండు రకాలు. సబ్బునీళ్లలో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పోతే అది కాలిన పెయింటు మసి. పోకుండా గోటికి గరుకుగా తగిలితే యాక్రిలిక్ కరిగింది. మొదటిదానికి పొగ లాగే ఫ్యాన్ చూసుకోవాలి, రెండోదానికి పవర్ తగ్గించాలి. మీకు రెండూ ఉన్నట్టున్నాయి.

చిన్న ముక్క మీద స్పీడు 400 పెట్టి, పవర్ 12 నుంచి 20 వరకు రెండేసి శాతం చొప్పున పెంచుతూ చిన్న గళ్లు చెక్కి చూడండి. గీతల మధ్య దూరం 0.1 మి.మీ. చాలు. చాలా లేజర్ ట్యూబులు 10 శాతం లోపు నిలకడగా వెలగవు, అక్కడికి దిగకండి. పెయింటు మందంగా ఉంటే ఒకేసారి గట్టిగా కొట్టకుండా, తక్కువ పవర్‌తో రెండుసార్లు కొట్టి మధ్యలో తుడవండి.

ఇంకో జవాబు: ఎంత తగ్గించినా సీఓటూతో కొంత గరుకు మిగులుతుంది. అందులో రంగు నింపితే ఆ గరుకు ముందు నుంచి కనబడదు. తడి రంగు గరుకులోకి దిగి కాంతి చెదరకుండా చేస్తుంది. నీటి ఆధారిత యాక్రిలిక్ రంగే వాడండి. థిన్నర్, స్పిరిట్ తగిలితే లేజర్ తాకిన అంచుల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు. తుడవడానికి కూడా వద్దు.

వెనక నుంచి కాబట్టి డిజైన్‌ను అద్దంలో కనబడినట్టు ఎడమ కుడిగా తిప్పాలి, అది మీకు తెలిసిందే. తెలుగు అక్షరాలకు మాత్రం మరో జాగ్రత్త: సున్నా, వొత్తుల లోపలి ఖాళీలు 0.5 మి.మీ. కంటే తక్కువైతే పూత లేచిపోయి పూడుకుపోతాయి. సన్నని ఫాంటు వదిలి, మందపాటిది ఎంచుకుని సైజు పెంచండి.

ప్రశ్న: 400 స్పీడు, 16 శాతంలో బాగా వచ్చింది, ధన్యవాదాలండి. కానీ తలకట్టు అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. కటింగ్ తర్వాత అద్దం ముఖం మీద చుక్కలు కూడా.

జవాబు: రంపం పళ్లు రానుపోను రెండువైపులా కొట్టడం వల్ల. స్కాన్ ఆఫ్‌సెట్ (రాను, పోను గీతల మధ్య తేడాను సర్దే సెట్టింగు) సరిచేయండి, లేదా ఒకే దిశలో కొట్టించండి. సమయం ఎక్కువే పడుతుంది. అప్పటికీ పోకపోతే బెల్టు బిగుతు చూడండి.

చుక్కలు తేనెపట్టు బల్ల (షీటు కింద ఉండే గళ్ల లోహపు బల్ల) నుంచి ఎగిరిన కాంతివి. షీటును బల్లకు 10 మి.మీ. ఎత్తులో ఉంచండి, కింద ఉన్న ముఖం మీది రక్షణ ఫిల్మ్ చివరిదాకా తీయకండి. ఆ ఫిల్మ్ పీవీసీదైతే మాత్రం లేజర్ కింద పెట్టొద్దు, కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకూ మిషనుకూ చేటు. అది తీసేసి కాగితపు మాస్కింగ్ టేపు అతికించండి.