నెలంతా బాలల, కౌమారుల నవలలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. ఈ సెలవుల నెలలో పదేళ్ల పిల్లల కోసం, ఆపై కౌమారుల కోసం వచ్చిన ఆంగ్ల నవలలే చదవాలనుకుంటున్నాను. పెద్దలు దారి చూపగలరా?

జవాబు 1: లూయిస్ సాకర్ 1998లో రాసిన ‘హోల్స్’తో ప్రారంభించండి. చేయని నేరానికి శిక్షాశిబిరం చేరిన బాలుడు రోజూ ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు గొయ్యి తవ్వే కథలోకి అతని పూర్వీకుల సంగతులు క్రమంగా వచ్చి కలిసే తీరు, నా దృష్టిలో, కథానిర్మాణానికే పాఠం. దానికి 1999లో అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం లభించింది.

జవాబు 2: కౌమార సాహిత్యానికి 1967 నాటి ‘ది అవుట్‌సైడర్స్’ చదవండి. రచయిత్రి హింటన్ హైస్కూల్లో ఉండగానే రాసినందువల్ల, అందులోని కౌమారుల కోపంలో పెద్దల ఉపదేశం వినిపించదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ‘హోల్స్’ ముందుగా తీసుకుంటాను.