మా అబ్బాయి టెర్రస్ మీద ఏదో చూశానంటున్నాడు, ఎంతవరకు నమ్మాలి?

అడిగినవారు (హొరమావు, బెంగళూరు):
అందరికీ నమస్కారం. మా వాడు తొమ్మిదో తరగతి. పోయిన శనివారం చీకటి పడ్డాక టెర్రస్ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లి, పరుగున కిందికి వచ్చాడు. ఆకాశంలో రైలుపెట్టెల్లా దీపాల వరుస ఒకటి చప్పుడు లేకుండా వెళ్తూ వెళ్తూ మాయమైందట. కాసేపటికే నీళ్ల ట్యాంకు వెనక నుంచి తెల్లటి మొహం, నల్లటి కళ్లు ఉన్నదేదో మెడ సాగదీసి తనవైపే చూసిందట, బుస్సుమని చప్పుడు కూడా చేసిందట. దీపాలు తానూ చూశానని వాచ్‌మన్ అన్నాడు. ఎవరో తీసిన వీడియో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. కొందరు ఏలియన్ అంటున్నారు, కొందరు మా వాడు కథలు అల్లుతున్నాడని నవ్వుతున్నారు. మూడు రోజులుగా వాడు సరిగ్గా అన్నం తినడం లేదు. అబద్ధాలాడే పిల్లాడు కాదు. నిజమేమిటో తేల్చుకోవడం ఎలా?

జవాబు (మల్లేశ్వరం):
అమ్మా, మీ వాడు నిజం చెబుతున్నాడా అన్నది ఒక ప్రశ్న, వాడు చూసింది ఏలియనా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిపేయడం వల్లే పిల్లాడు నలిగిపోతున్నాడు. లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు రాత్రిళ్లు వెలుగులు చూసి, చైనా డ్రోన్లేమోనని నెలల తరబడి నమోదు చేశారు. మన కోరమంగళలోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి శుక్రుడు, గురుడు అని తేల్చారు. 2013లో ఇది పత్రికల్లో వచ్చింది. ఆ జవాన్లు అబద్ధం చెప్పలేదు కదా. పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేని చీకట్లో ఒక వెలుగు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా పోతోందో ఎవరి కళ్లూ చెప్పలేవు.

ఈ రోజే ఒక పని చేయండి. మీ వాణ్ణి, వాచ్‌మన్‌ను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకూడదు. ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఎంతసేపు, ఎంత ఎత్తులో. ఎత్తుకు చెయ్యి చాచి పిడికిలి పట్టి చూడమనండి, ఒక పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. "పళ్లెంలా ఉందా?" లాంటి ప్రశ్నలు మాత్రం వద్దు, పిల్లలు మన మాటనే తమ జ్ఞాపకంలో కలిపేసుకుంటారు. టైమ్ కోసం ఫోన్ కాల్ లిస్టు చూడండి, గుర్తున్న టైమ్ కంటే అది నయం.

తర్వాత, ఏ ఉపగ్రహం ఎప్పుడు ఏ దిక్కున కనబడుతుందో చెప్పే హెవెన్స్ అబవ్ సైటులో మీ ఊరు, ఆ తేదీ పెట్టి చూడండి. నా అనుమానం స్టార్‌లింక్ ఉపగ్రహాల మీద. 2019 నుంచి స్పేస్‌ఎక్స్ అనే అమెరికా రాకెట్ కంపెనీ వాటిని గుంపులుగా పంపుతోంది. పైకి వెళ్లిన కొత్తలో ఒకదాని వెనక ఒకటి వరుసగా పోతాయి. మనకు పొద్దుగుంకినా అంత ఎత్తులో ఎండ ఉంటుంది కాబట్టి మెరుస్తాయి. భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతాయి. మీ వాడు "మాయమైంది" అన్నాడు చూశారా, ఆ మాట నాకు చాలా విలువైనదిగా అనిపించింది. కల్పించి చెప్పేవాడికి ఆ సంగతి తట్టదు.

వీడియో సంగతి: తీసినవారిని అడిగి ఒరిజినల్ ఫైలును డాక్యుమెంట్‌గా పంపించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా ఫార్వర్డ్ చేస్తే నాణ్యత పడిపోతుంది. జూమ్ చేసినప్పుడు ఫోకస్ కుదరక చుక్కంత వెలుగు కూడా గుండ్రటి బిళ్లలా కనబడుతుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మా వాడు ఏడు గంటలన్నాడు, వాచ్‌మన్ ఏడున్నర అన్నాడు. కిందికి రాగానే వాడు వాళ్ల నాన్నకు చేసిన కాల్ 7:06కి ఉంది. నైరుతి నుంచి ఈశాన్యానికి అని మాత్రం ఇద్దరూ విడివిడిగా ఒకటే చెప్పారు. సైటులో ఏడింటికి స్టార్‌లింక్ వరుస, అదే దిక్కు! మా వాడికి చూపిస్తే ముందు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ "దీపాలు సరే అమ్మా, ఆ మొహం నేను నిజంగా చూశాను" అంటున్నాడు.

జవాబు (జయనగర్):
అక్కా, చూసే ఉంటాడు. 2017లో విశాఖపట్నంలో కడుతున్న భవనంలో మూడు "ఏలియన్లు" నిలబడి ఉన్న వీడియో గుర్తుందా? అవి గుడ్లగూబ పిల్లలు, బార్న్ ఔల్ అనే జాతి. తెల్లటి మొహం, నల్లటి కళ్లు, మనిషిలా నిటారుగా నిలబడతాయి, బెదిరితే బుసకొడతాయి. మీ వాడు చెప్పింది అచ్చం అదే. కళ్లు గుండ్రంగా, ఎర్రగా మెరిశాయని చెప్పి ఉంటే దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్ అనే చిన్న జంతువు, రాత్రిళ్లు తిరుగుతుంది) అనుకునేదాన్ని. మన ఊళ్లో ఐఐఎస్సీ క్యాంపస్‌లో అవి ఉన్నాయి. పగలు వెళ్లి ట్యాంకు చుట్టూ నేల మీద వెతకండి. గుడ్లగూబలు జీర్ణం కాని ఎముకలు, వెంట్రుకలు నల్లటి ఉండలుగా కక్కేస్తాయి. తెల్లటి రెట్టలు కూడా ఉంటాయి.

అడిగినవారు:
ఉండలు దొరికాయి! ఒకదాన్ని మా వాడే పుల్లతో విప్పాడు, లోపల ఎలుక పుర్రె. లిఫ్ట్ గదికి ఉన్న కన్నంలోంచి బుసలు కూడా వినిపించాయి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ కన్నం మూయించేస్తామంటున్నారు.

జవాబు (జయనగర్):
అయ్యో, దయచేసి ఆపించండి అక్కా. లోపల పిల్లలుంటే చచ్చిపోతాయి. గుడ్లగూబలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉందని కమిటీకి రాతపూర్వకంగా చెప్పండి. పిల్లలు ఎగిరేదాకా దాదాపు రెండు నెలలు పడుతుంది, ఆ తర్వాత మూసుకోవచ్చు. దీపావళి ముందు పూజల పేరుతో వీటిని పట్టుకుపోయేవాళ్లుంటారు, అందుకని గూడు ఎక్కడుందో గ్రూపులో ఫొటో పెట్టకండి.