అమరవీరుల కుటుంబాలకు పెట్రోలు బంకులు ఇవ్వడం సముచితమేనా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

2003లో వచ్చిన హిందీ చిత్రం ‘ధూప్’ మళ్లీ చూశాక ఈ ప్రశ్నను మీ ముందుంచుతున్నాను. కార్గిల్ యుద్ధంలో పాయింట్ 4875 వద్ద 1999 జూలై 7న, 23 ఏళ్ల వయసులో నేలకొరిగి, మరణానంతరం మహావీర్ చక్ర పొందిన సైన్యంలోని 17 జాట్ దళానికి చెందిన కెప్టెన్ అనూజ్ నయ్యర్ కుటుంబం అనుభవమే ఆ చిత్రానికి ఆధారం. తల్లిదండ్రులుగా రేవతి, ఓం పురి నటించారు. కొడుకు ప్రాణానికి బదులుగా ప్రభుత్వం నుంచి వచ్చిన పెట్రోలు బంకును తీసుకోవడానికే మొదట మనసొప్పని ఆ తండ్రి, తీరా ఒప్పుకున్నాక లంచం అడిగే అధికారుల ఎదుట నిలబడవలసి వస్తుంది.

నా దృష్టిలో ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చిన తీరు తప్పు. బంకు అంటే చేతిలో పెట్టే చెక్కు కాదు. స్థలం కావాలి, జిల్లా యంత్రాంగం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు కావాలి, చివరకు పంపుల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర కూడా పడాలి. సంతకం పెట్టే చేతులు ఎన్ని ఉంటే, చాచడానికి అన్ని చేతులున్నట్లే.

ఒక సభ్యురాలు:

మీతో సగమే ఏకీభవిస్తాను. ప్రాణత్యాగానికి వ్యాపార లైసెన్సు ఇవ్వడమే నాకు మింగుడుపడదు. కార్గిల్‌లో మరణించిన 527 మందిలో అత్యధికులు సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్ల వంటి కింది ర్యాంకుల వారు. నయ్యర్ గారి తండ్రి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పినవారు కనుక అధికారిని నిలదీయగలరు. పల్లెలో వేలిముద్ర వేసే తల్లికి బంకు ఇస్తే, ఆమె పేరు మీద మరెవరో నడుపుకుని నెలకింత అని ఆమె చేతిలో పెడతారు. పింఛను పెంచండి, పిల్లల చదువుల బాధ్యత తీసుకోండి, అక్కడితో ఆపండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. అమరుడి తండ్రిని లంచం అడిగారంటే మన రక్తం మరుగుతుంది, అదే బల్ల ముందు వితంతు పింఛను కోసం నిలబడ్డ మనిషిని అడిగితే మాత్రం మామూలే అనుకుంటాం.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

బినామీల గురించి మీరన్నది నిజం, దాన్ని నేను కాదనను. కానీ పింఛనుతో ఆపమనడం మాత్రం నాకు సమ్మతం కాదు. లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో 2020 జూన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో మరణించిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు విషయం చూడండి. వారం తిరగకముందే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి స్వయంగా ఆ ఇంటికి వెళ్లి, 5 కోట్ల రూపాయల సాయంతో పాటు భార్యకు గ్రూప్-1 ఉద్యోగ పత్రం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం పత్రాలు అందజేశారు. ‘మృతునితో సంబంధం’ అనే గడి నింపిన దరఖాస్తు పట్టుకుని తల్లో తండ్రో వరండాల్లో నిరీక్షించకుండా, కాగితమే గడప దాకా రావడం సాధ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది. దేశమంతా చూస్తున్న వేళ చేయగలిగిన పనిని, ఎవరూ చూడనప్పుడు కూడా చేయాలన్నదే నా వాదన. అనుమతులన్నీ చమురు కంపెనీ తన పేరున ముందే తెచ్చుకున్నాకే కుటుంబానికి కేటాయింపు లేఖ ఇవ్వాలి.

వితంతు పింఛను గురించి మీరు వేసిన ప్రశ్న న్యాయమైనదే. అయితే ‘ధూప్’లో లంచం ఇవ్వనని మొండికేసిన కుటుంబం తనకొక మినహాయింపు కోరడం లేదు, ఆ బల్లనే ప్రశ్నిస్తోంది. ఇక నడుపుకోలేని కుటుంబాల విషయంలో, కంపెనీయే బంకు నడిపి లాభాన్ని నేరుగా వారి ఖాతాలో వేసే పద్ధతికి మీ అభ్యంతరం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.