బాల్కనీకి కనకాంబరం రంగు లిల్లీ దుంపలు: ఏవి పెట్టుకోవాలి?

మూడో అంతస్తు (హైదరాబాద్)

నమస్తే అండీ. మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. తూర్పు బాల్కనీ, పొద్దున్నే వచ్చిన ఎండ పదిన్నర దాకా ఉంటుంది, ఆ తర్వాత నీడే. దుంపల నుంచి వచ్చే పూలు పెట్టుకోవాలని ఉంది, అదీ కనకాంబరం రంగులో. ఎరుపు వద్దు, పసుపు వద్దు. ఆన్‌లైన్‌లో చూస్తే ఏషియాటిక్ లిల్లీ, అమరిల్లిస్, గ్లాడియోలస్, ఆఖరికి ట్యులిప్ కూడా అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద బొమ్మలన్నీ ఒకేలా మెరిసిపోతున్నాయి. ఒకసారి పూసి పోయేవైతే నాకొద్దు, ఏటా కొనే ఓపిక లేదు. ఇంకో సంగతి, ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడు. చేతికందిందల్లా నోట్లోకే.

పచ్చపందిరి (గుంటూరు)

మెట్ట తామర పెట్టేయండి. ఆరెంజ్ రంగు ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది. చావమన్నా చావదు.

కాలవగట్టు (రాజమండ్రి)

మెట్ట తామర రోడ్డు డివైడర్ మీద బాగుంటుంది. దానికి రోజంతా ఎండ కావాలి. ఈ బాల్కనీలో పెడితే ఆకులే గుబురుగా పెరుగుతాయి, పూలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. గ్లాడియోలస్‌దీ అదే పేచీ. పైగా అక్టోబరులో నాటితే సంక్రాంతి దాటాక ఒక్క కంకి వేసి, గాలికి ఒరిగిపోతుంది.

మీకు కావలసింది పాత ఇళ్లల్లో బావి పక్కన, తులసి కోట వెనకాల ఉండే నారింజ లిల్లీ అండీ. నర్సరీవాళ్లు అమరిల్లిస్ అంటారు. శాస్త్రజ్ఞుల లెక్కలో హిప్పియాస్ట్రమ్ ప్యూనిసియమ్. పుట్టిల్లు దక్షిణ అమెరికా అయినా మన ఎండలకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. లోపల బోలుగా ఉండే కాడ మూరెడు పైకి లేస్తుంది, చివర రెండు నుంచి నాలుగు పూలు. పువ్వు గొంతులో లేత ఆకుపచ్చగా నక్షత్రం ఉంటుంది చూడండి, గుర్తు పట్టడానికి అదే ఆనవాలు. డబ్బాల్లో వచ్చే డచ్ హైబ్రిడ్‌ల పువ్వు దీనికి రెట్టింపు ఉంటుంది, కాదనను. కానీ మొదటి ఏడాది మీరు చూసే పూత అక్కడి పొలంలో దుంప కూడబెట్టుకున్న బలం. రెండో ఏడాది మన కుండీలో చాలాసార్లు ఆకులతో సరిపెడుతుంది. పాత లిల్లీకి ఆ టెక్కు లేదు.

కుండీ పెద్దది వద్దు. దుంప చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉంటే చాలు, ఇరుకుగా ఉంటేనే పూస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. దుంప మెడ మట్టి పైకి కనబడాలి, మూడో వంతు బయటే ఉండనివ్వండి. పూర్తిగా పూడిస్తే వానలకు కుళ్లుతుంది.

అసలు కిటుకు నీళ్లు ఆపడంలో ఉంది. పూత అయిపోయాక అందరూ ఆ కుండీని మర్చిపోతారు, అప్పుడే దానికి తిండి కావాలి. వచ్చే ఏడాది మొగ్గ ఈ ఏడాది ఆకుల బలం మీదే తయారవుతుంది. కాబట్టి వానాకాలమంతా ఎరువు వెయ్యండి, పచ్చని ఆకు ఒక్కటి కూడా కొయ్యకండి. కార్తీకం వెళ్లాక నీళ్లు తగ్గిస్తూ వచ్చి, తర్వాత పూర్తిగా ఆపెయ్యండి. ఆకులు పండి వాలిపోతాయి, భయపడొద్దు. రెండు నెలలు అలా ఎండబెట్టి, శివరాత్రి దాటాక ఒకసారి నిండుగా నీళ్లు పోస్తే ఆకు కంటే ముందు మొగ్గే తోసుకొస్తుంది. ఏడాది పొడుగునా ప్రేమగా నీళ్లు పోసేవాళ్లకే ఇది పూయదు.

పురుగు సంగతి కూడా చెప్పాలి. వానలు మొదలయ్యాక నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు ఉన్న గొంగళి పురుగులు గుంపుగా దిగుతాయి. వదిలేస్తే ఆకులు నమిలి దుంప దాకా పోతాయి. మందుల జోలికి పోకుండా సాయంత్రం పూట ఏరి సబ్బు నీళ్లలో పడెయ్యండి. ఆకు వెనక గుడ్లుంటే తుడిచెయ్యండి. వేపనూనె కొడితే పిల్ల పురుగులు తగ్గుతాయి గానీ ముదిరిన వాటికి అది లెక్క లేదు.

ఎడిసన్ పెరడు (న్యూజెర్సీ)

ట్యులిప్ మాట నేను చెప్తా. మా ఇంటి ముందు ప్రిన్సెస్ ఐరీన్ అని ఒక రకం ఉంది, ఆరెంజ్ రేకు మీద ఊదా మంటలు గీసినట్టు ఉంటుంది. 1949 నాటి రకం, నా దృష్టిలో దాన్ని కొట్టేది లేదు. అయితే ట్యులిప్ దుంపకు పన్నెండు వారాలకు తక్కువ కాకుండా చలి కావాలి. మేము అక్టోబరు ఆఖర్లో నాటి మర్చిపోతాం, మిగతాది మంచు చూసుకుంటుంది. హైదరాబాద్‌లో ఫ్రిజ్‌లో పెట్టి తియ్యాలి, అదీ పండ్లకు దూరంగా. ఆపిల్, అరటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు లోపలి మొగ్గ మాడిపోతుంది. అంత చేసినా ఒక్క ఏడాది ముచ్చటే. ఇక్కడ మా బాధ వేరే, మొగ్గ విచ్చే ముందురోజు జింక వచ్చి తినిపోతుంది. అందుకని ఫ్రిటిల్లేరియా ఇంపీరియాలిస్ అనే ఇంకో దుంప పువ్వు కూడా పెట్టాను. అదీ ఆరెంజే, గంటల్లాంటి పూలు తలకిందులుగా వేలాడతాయి. ఆ కంపుకు జింకలు దాని జోలికి రావు, మా ఆవిడా రాదు.

కొండకంచె (తిరుపతి)

అగ్నిశిఖను అందరూ మర్చిపోయారేంటి? తమిళనాడు రాష్ట్ర పుష్పం. వానాకాలంలో మా వైపు కంచెల మీదికి దానంతటదే పాకుతుంది. ఆకు కొసే నులితీగలా చుట్టుకుంటుంది. పువ్వు ముందు ఆకుపచ్చగా విచ్చి, పసుపై, నారింజై, చివరికి ఎర్రబడుతుంది. అన్ని రంగులూ ఒకే తీగ మీద చూడొచ్చు.

కాలవగట్టు (రాజమండ్రి)

అందం సంగతి ఒప్పుకుంటాను, కానీ రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లోకి అగ్నిశిఖ వద్దే వద్దు. దాంట్లో ఉండేది కోల్చిసిన్ అనే విషం. మందుల కంపెనీలకు అమ్మడానికి దాని కోసమే తమిళనాడులో పొలాలకు పొలాలు పండిస్తున్నారు. దుంప ముక్క తిని ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

ఆ మాటకొస్తే నేను చెప్పిన లిల్లీ దుంప కూడా తినేది కాదండీ. లైకోరిన్ అనే విషం ఉంటుంది, నమిలితే వాంతులు, కడుపునొప్పి. అచ్చం ఉల్లిపాయలా ఉంటుంది కాబట్టి ఎండబెట్టినప్పుడు వంటింటి గట్టు మీద మాత్రం పెట్టకండి. కుండీని గోడకు కొట్టిన స్టాండు మీద, బాబు చేతికి అందనంత ఎత్తులో పెట్టుకోండి. తవ్వేటప్పుడు బాబును లోపల కూర్చోబెట్టండి. పొరపాటున కొరికాడనుకుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, దుంప కూడా చేతిలో పట్టుకుని.

మూడో అంతస్తు (హైదరాబాద్)

చాలా థ్యాంక్సండీ. స్టాండు ఉంది, ఎత్తుగానే ఉంది. అయితే ఆ పాత లిల్లీ దొరికేదెక్కడ? ఆన్‌లైన్‌లో అడిగితే ఎరుపు పంపి ఆరెంజే అంటున్నారని రివ్యూల్లో చదివి టెన్షన్‌గా ఉంది.

కాలవగట్టు (రాజమండ్రి)

దుంపను చూసి రంగు చెప్పడం ఎవరి తరమూ కాదు, అమ్మేవాడి తరం కూడా. ఉగాది తర్వాత పూత మీద ఉన్నప్పుడే కుండీతో సహా కొనండి. ఇటువైపు వచ్చే పనుంటే కడియపులంక ఉంది, హైవే పక్కన నర్సరీలే నర్సరీలు. పాత నాటు రకం కావాలని అడగండి, లేకపోతే హైబ్రిడ్ అంటగడతారు. అంతకంటే మేలు, మీ ఊళ్లో పాత ఇల్లున్న చుట్టాలను కదపండి. గుబురు పెరిగిపోయి పిల్ల దుంపలు పారేసేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. పిల్ల దుంప తెస్తే పూతకు రెండు మూడేళ్లు ఆగాలి. తల్లి దుంప అడిగితే మాత్రం ఇవ్వరు, నేనూ ఇవ్వను.